బడి మూతపడ్డ రోజుల్లో టీచరు మనసు కుంగిపోతే ఏం చేయాలి

ఫోనును స్టీలు గ్లాసుకు ఆనించి, వెనక గోడ పెచ్చులు కనిపించకుండా దుప్పటి కట్టి, నలభై ఇద్దరికి మొఘలుల పాలన పాఠం చెప్పాను. తెర మీద ముఖాలు లేవు. గుండ్రటి రంగు చుక్కలు, వాటిలో పేర్ల మొదటి అక్షరాలు. "అర్థమైందా?" అని అడిగితే జవాబు లేదు. మళ్ళీ అడిగాను. ఎవరో మైకు తెరిచారు, కుక్కరు కూత వినిపించింది, మూసేశారు. గుక్కెడు మంచినీళ్లు తాగి వచ్చేలోపు తరగతిని సంత చేసే పిల్లలు వాళ్లు. 2020 సెప్టెంబరులో ఆ నిశ్శబ్దం నాకు అలవాటైంది. దసరా నాటికి తరగతి ముగిశాక కూడా నా వెంటే ఉండిపోయింది.

నేను ప్రైవేటు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పేవాడిని. కరోనా వల్ల 2020 మార్చిలో బడి మూశారు. ఏప్రిల్‌లో సగం జీతం చేతికొచ్చింది, ఆ తర్వాత చాలా నెలలు ఏమీ రాలేదు. నేను డాక్టర్ను కాను. ఆ ఏడాదిన్నరలో నేను చేసినవి, చేయాల్సి ఉండీ చేయనివి, తర్వాత డాక్టర్ల దగ్గర, తోటి టీచర్ల దగ్గర తెలుసుకున్నవి ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఇంకో జబ్బు వచ్చి బడులు మళ్ళీ మూతపడితే పనికొస్తాయి. అప్పుడు పట్టుకున్న దిగులు ఇప్పటికీ వదలనివారికీ పనికొస్తాయి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మన బాధలో సగం జీతం, సగం డిప్రెషన్ అనే మనసు జబ్బు. జీతం గురించి చెప్పుకుంటే "అందరికీ ఉన్నదే కదా మాస్టారూ" అంటారు. మనసు బాగాలేదంటే "జీతం వస్తే అదే సర్దుకుంటుంది" అంటారు. రెండు మాటలూ తప్పే. జీతం బాధకు మాత్ర లేదు, జబ్బుకు జీతం మందు కాదు. రెండింటినీ విడదీసి, దేని పని దానికి చేయాలి.

అన్నిటికంటే ముందు ఒక ప్రశ్న

చచ్చిపోతే బాగుండునని, నేను లేకపోతే ఇంట్లోవాళ్లకు భారం తగ్గుతుందని ఆలోచన వస్తోందా? వస్తుంటే మిగతాది తర్వాత చదవండి. ఇప్పుడే 14416కు ఫోను చేయండి. అది కేంద్ర ప్రభుత్వం నడిపే టెలి మానస్ సేవ. ఉచితం, రాత్రింబగళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబరులో మొదలైంది కాబట్టి మా కష్టకాలంలో ఇది లేదు, మీకు ఉంది.

తర్వాత ఇంట్లో ఒక్కరికి సూటిగా చెప్పండి. "కొంచెం బాగాలేదు" అని తేల్చేయకండి. "చనిపోవాలన్న ఆలోచన వస్తోంది, ఈ రాత్రి నన్ను ఒంటరిగా వదలకండి" అని అదే మాట వాడండి. సేద్యం ఉన్న ఇల్లయితే పురుగుమందు డబ్బాలను, వాడగా మిగిలిన మాత్రలను వెంటనే వేరే ఇంటికి చేర్పించండి. ఆ ఆలోచన అలలాంటిది, ఉధృతంగా వచ్చి తగ్గుతుంది. ఆ గంటను దాటించడమే అప్పటి పని. ఎవరైనా ఇప్పటికే ఏదైనా చేసుకుని ఉంటే 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి. పోలీసు కేసు అవుతుందని ఆలస్యం చేసేవారు ఇంకా ఉన్నారు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోంది.

మొదటి పని: రెండు వారాలు రాసి పెట్టండి

డిప్రెషన్ అంటే మూల కూర్చుని ఏడవడం అనుకుంటాం. టీచర్లలో అది చాలాసార్లు అలా కనిపించదు. తరగతి ఉన్న నలభై నిమిషాలూ గొంతు ఖంగుమంటుంది, ఎందుకంటే అలవాటైన వేషం అది. ఫోను ఆపిన మరుక్షణం కుర్చీలోంచి లేవాలనిపించదు. వీడియోలో కనిపించే మేరకు ఇస్త్రీ చొక్కా, కింద మూడు రోజుల లుంగీ. పిల్లలు వాట్సాప్‌లో పంపిన హోంవర్క్ ఫోటోలు నూట ఎనభై పేరుకుపోతాయి, తెరవాలంటే భయం. ఇంట్లో పిల్లాడు పెన్సిలు అడిగితే అరుస్తాం. ఒంట్లో మంట, మెడ పట్టేయడం, గుండె దడ, కడుపు ఉబ్బరం కూడా ఉంటాయి. నేను మూడు నెలలు గ్యాస్ మాత్రలు మింగాను. మా ఊరి ఆర్‌ఎంపీ నాలుగుసార్లు బలానికి సూది వేశాడు.

కాబట్టి ఊహలు వద్దు, లెక్క రాయండి. పాత నోటుపుస్తకంలో రోజుకొక వరుస. రాత్రి ఎన్ని గంటలకు పడుకున్నాను, ఎన్నింటికి మెలకువ వచ్చింది, ఎన్ని పూటలు తిన్నాను, ఎవరితో మాట్లాడాను, మనసు పదికి ఎన్ని మార్కులు. వ్యాసం అక్కర్లేదు, అంకెలు చాలు. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టకపోవడం, పొద్దున్నే దిగులు ఎక్కువగా ఉండి సాయంత్రానికి కాస్త తేలికపడటం ఈ జబ్బులో తరచూ కనిపించే గుర్తులు. నా పుస్తకంలో అవి పన్నెండు రోజులు వరుసగా ఉన్నాయి. రాసుకోకపోతే "అప్పుడప్పుడూ నిద్ర పట్టడం లేదు" అనే చెప్పి ఉండేవాడిని.

రెండు వారాలయ్యాక తొమ్మిది ప్రశ్నలకు మార్కులు వేసుకోండి. డాక్టర్లు వాడే పీహెచ్‌క్యూ-9 అనే పత్రం అడిగేది ఇవే: పనుల మీద ఆసక్తి పోవడం, దిగులు, నిద్ర, అలసట, ఆకలి, నేను పనికిరానివాడిననే భావన, ఏకాగ్రత, కదలికలు మందగించడం లేదా కుదురుగా ఉండలేకపోవడం, చావు ఆలోచనలు. అసలు లేకపోతే 0, కొన్ని రోజులు ఉంటే 1, సగానికి మించిన రోజులు ఉంటే 2, దాదాపు రోజూ ఉంటే 3. మొత్తం 27కు పది గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టర్ను కలవాలి. పది రాకపోయినా చివరి ప్రశ్నకు సున్నా కాక మరే మార్కు పడినా కలవాలి. ఇది పరీక్షే కానీ తుది తీర్పు కాదు, జబ్బు అవునో కాదో తేల్చేది డాక్టరే. ఒక్క హెచ్చరిక: మార్కులు వేసే అలవాటు ఉన్నవాళ్లం కదా, మనకు మనం తక్కువ వేసుకుని "ఫరవాలేదు" అనిపించుకుంటాం. కుదిరితే భార్యనో భర్తనో పక్కన కూర్చోబెట్టుకుని వేయండి.

రెండో పని: జీతం కాగితం వేరు, మనసు కాగితం వేరు

ఒక కాగితం మీద డబ్బు సంగతులు మాత్రమే రాయండి. ఇంటి అద్దె, కిరాణా ఖాతా, చీటీ వాయిదా, బ్యాంకు వాయిదా, చేబదుళ్లు. ఎవరికి ఎంత, ఎప్పటికి. రాయకముందు అది కొండంత. రాశాక కూడా చిన్నదేమీ కాదు కానీ, దానికో మొత్తం ఉంటుంది. నాది లక్షా పద్దెనిమిది వేలు. ఆ అంకెను మా ఆవిడకు చూపించడానికి నాకు ఆరు వారాలు పట్టింది. ఆమె అప్పటికే దాదాపు అంతే అంచనా వేసుకుని ఉంది.

తర్వాత అప్పులవాళ్లకు మీరే ముందు ఫోను చేయండి. వాళ్లు చేసేదాకా దాక్కుంటే ఫోను మోగినప్పుడల్లా గుండె జారుతుంది. "ఈ నెల ఇవ్వలేను, వచ్చే నెల ఇంత ఇస్తాను" అని చెప్పి, ఆ ఇంత అనేది నిజంగా ఇవ్వగలిగినంతే చెప్పండి. సంక్షోభంలో ప్రభుత్వం ఏం ప్రకటించిందో కనుక్కోండి. 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు అప్పుల వాయిదాలను మూడు నెలలు కట్టకుండా ఆపుకునే మారటోరియానికి వీలు కల్పించి, తర్వాత ఆగస్టు ఆఖరు దాకా పొడిగించింది. ఆ కాలానికి కూడా వడ్డీ నడుస్తుందన్న సంగతి చాలామందికి తర్వాత తెలిసింది. అందుకే సంతకం పెట్టేముందు వడ్డీ సంగతి అడగాలి. పల్లెలో ఉంటే ఉపాధి హామీ జాబ్ కార్డుకు దరఖాస్తు చేయండి. పీజీలు, బీఈడీలు చేసినవాళ్లు గడ్డపార పట్టడం 2020లో రెండు రాష్ట్రాల్లోనూ చూశాం. కూరగాయలు అమ్మారు, టిఫిన్ బండ్లు పెట్టారు.

ఇక్కడ డబ్బు కంటే సిగ్గే మనిషిని ఎక్కువ తినేస్తుంది. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామంది. నేను రేషన్ దుకాణం వరుసలో మాస్కును కళ్ల దాకా లాక్కుని నిలబడ్డాను. వెనక ఉన్నావిడ మా తొమ్మిదో తరగతి పిల్లాడి తల్లి. "సార్, సంచి ఇలా ఇవ్వండి, నేను పట్టుకుంటాను" అంది. నాకు భూమి చీలిపోతే బాగుండుననిపించింది. ఆమె నన్ను తక్కువ చేయలేదు, సంచి పట్టుకుంటానంది, అంతే. అది తట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది. అలాంటి సంఘటనలు డబ్బు కాగితం మీద రాయకండి, అవి రెండో కాగితానివి. "ఏం జరిగింది" అని ఒక వరుస, "నాకేమనిపించింది" అని ఇంకో వరుస. ఈ రెండూ ఒకటి కావని కళ్లతో చూడటమే దాని ఉపయోగం.

ప్రభుత్వ టీచర్లకు జీతం ఉంది కదా అంటారు. 2020 మార్చి నెల జీతంలో పెద్ద భాగం రెండు రాష్ట్రాల్లోనూ వాయిదా పడింది, తర్వాత ఇచ్చారు. అసలు దెబ్బ వేరేచోట తగిలింది. "ఇంట్లో కూర్చోబెట్టి జీతాలిస్తున్నారు" అనే మాట ఒకవైపు. మరోవైపు ఆ మే నెలలో విశాఖ ప్రాంతంలో కొందరు టీచర్లను మద్యం దుకాణాల ముందు వరుసలు చూడటానికి నిలబెట్టారు. తాను చదువు చెప్పిన కుర్రాడికి టోకెన్ ఇవ్వాల్సి వస్తే ఆ మనిషికి రాత్రి ఎలా నిద్ర పడుతుంది? అదీ రెండో కాగితం మీదే రాయాలి.

మూడో పని: ఇంట్లో గంట కొట్టండి

బడి మనకు జీతం ఒక్కటే ఇవ్వలేదు, రోజుకో ఆకారం ఇచ్చింది. ప్రార్థన, మొదటి పీరియడు, ఇంటర్వెల్, మధ్యాహ్న భోజనం. అది పోయాక పొద్దూ రాత్రీ ఒకటే ముద్ద. "మనసు బాగుంటే చేద్దాం" అని కూర్చుంటే ఈ జబ్బులో ఆ బాగుండటం రాదు. ముందు పని, వెనక మనసు. డాక్టర్లు కూడా ఈ పద్ధతినే చికిత్సగా వాడతారు.

లేచే సమయం ఒక్కటి ఖాయం చేయండి, పడుకునేది కాదు. రాత్రి నిద్ర పట్టినా పట్టకపోయినా ఆరున్నరకు లేవాలి. ఎనిమిదిలోపు స్నానం, ఎండ తగిలేలా ఇరవై నిమిషాల నడక. ఇంటర్వెల్ సమయానికి టీ, అదీ ఎవరో ఒకరితో, కనీసం ఫోనులో. తర్వాత రోజుకు ఒకే ఒక్క చిన్న పని. నూట ఎనభై హోంవర్క్‌లు దిద్దడం పని కాదు, ఐదు దిద్దడం పని. ఐదూ అయ్యాక ఆపేయాలి, ఉత్సాహం వచ్చినా సరే. మర్నాటికి కాస్త ఉండనివ్వండి.

మధ్యాహ్నం నిద్ర మానండి, మానలేకపోతే అరగంట. రాత్రి మద్యం వద్దు. అది పడుకోబెట్టినట్టే ఉండి మూడింటికి లేపుతుంది.

నాలుగో పని: ఆన్‌లైన్ తరగతిని తగ్గించండి

ఇది నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. నలభై ఇద్దరికి చెప్పే పాఠాన్ని ఇరవై నిమిషాలకు కుదించి, మిగిలిన సమయంలో రోజుకు ఐదుగురు పిల్లలకు మామూలు ఫోను చేయడం మొదలుపెట్టాను. స్మార్ట్ ఫోను లేనివాళ్లు కూడా ఇందులో కలిశారు. అడిగేది పాఠం కాదు. "పొద్దున ఏం తిన్నావు? మీ మేక ఈనిందా?" ఒక పిల్ల తన మేక ఈనిన కథ పదకొండు నిమిషాలు చెప్పింది. ఆ రోజు నా నోటుపుస్తకంలో మనసుకు ఆరు మార్కులు ఉన్నాయి, అంతకుముందు నెలంతా మూడు దాటలేదు.

తరగతిలో ప్రతిరోజూ ఒక పిల్లనో పిల్లాడినో మైకు తెరిచి ఉంచమనండి. ఆ రోజుకు తరగతి గొంతు వాళ్లదే. నవ్వుతారు, ఊఁ కొడతారు, అడ్డు తగులుతారు. శూన్యంలోకి మాట్లాడటం తప్పుతుంది. మీ ముఖం మీకు కనిపించే చిన్న కిటికీని మూసేయండి, నలభై నిమిషాలు అద్దం ముందు నిలబడి ఎవరూ పాఠం చెప్పలేరు. సాయంత్రం ఆరు తర్వాత తల్లిదండ్రుల సందేశాలకు జవాబు ఇవ్వనని గ్రూపులో ఒకసారి మర్యాదగా రాయండి. ఫోను లేక ఒక పిల్లవాడికి పాఠం అందకపోతే అది మీ వైఫల్యం కాదు. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ టీవీ ఛానెళ్ల ద్వారా పాఠాలు వచ్చాయి. అన్ని హంగులున్న ప్రభుత్వమే అందుకోలేని ఇళ్లు ఉన్నప్పుడు, మీ ఒక్క ఫోను అందుకోలేకపోవడం నేరమా?

కరోనా రెండో విడతలో, 2021 ఏప్రిల్, మే నెలల్లో, టీచర్ల గ్రూపులు శ్రద్ధాంజలి ఫోటోలతో నిండిపోయాయి. అలాంటప్పుడు గ్రూపు శబ్దం ఆపి, రోజుకు ఒక్కసారే చూడండి. పోయినవాళ్లు మీకు దగ్గరివారైతే చేతులు జోడించిన బొమ్మ పెట్టి వదిలేయకండి. ఆ ఇంటికి ఫోను చేసి, వాళ్లు ఎరగని ఒక్క స్టాఫ్ రూమ్ ముచ్చట చెప్పండి. కడసారి చూపు లేని చావులవి, దశదినకర్మకు కూడా ఎవరూ రాలేకపోయారు. ఆ ముచ్చట మీకూ వాళ్లకూ మిగులుతుంది.

ఐదో పని: డాక్టర్ దగ్గరికి నోటుపుస్తకంతో వెళ్లండి

పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో, వైద్య కళాశాలల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది, అక్కడ ఓపీ చీటీ తీసుకుంటే చాలు. ఎర్రగడ్డ, విశాఖ మానసిక ఆసుపత్రుల పేర్లను మనం తిట్లుగా వాడీ వాడీ, అక్కడ మంచి డాక్టర్లు ఉంటారన్న సంగతి మరిచాం. టీచర్లు కూడా అందుకు బాధ్యులే. "నిన్ను ఎర్రగడ్డకు పంపాలిరా" అని నేనూ తరగతిలో అన్నాను.

లోపలికి వెళ్లాక మొదటి రెండు నిమిషాల్లో చెప్పాల్సింది మూడు ముక్కలు: ఎన్నాళ్లుగా, నిద్ర ఎలా ఉంది, చావు ఆలోచనలు ఉన్నాయా. నేను గ్యాస్ అని మొదలుపెట్టాను. డాక్టర్ నా చేతిలో పుస్తకం చూసి "అదేమిటి?" అని అడిగి తీసుకున్నారు. రెండు పుటలు తిప్పి "ఇంక మీరు చెప్పక్కర్లేదు, కూర్చోండి" అన్నారు. థైరాయిడ్, రక్తహీనత, బి12 పరీక్షలు రాస్తే చేయించండి, వాటిలో తేడా ఉన్నా ఇవే లక్షణాలు వస్తాయి. కరోనా వచ్చి తగ్గి ఉంటే, అప్పుడు స్టెరాయిడ్లు వాడి ఉంటే అదీ చెప్పండి.

మాత్రలు రాస్తే పని కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, కొందరికి ఆరు. మొదటి వారం వికారం, కాస్త గాబరా ఉండవచ్చు. చాలామంది సరిగ్గా అప్పుడే మానేసి "నాకు పడలేదు" అంటారు. ఆ రోజుల్లో చావు ఆలోచనలు పెరిగితే మాత్రం తర్వాతి తేదీ దాకా ఆగకుండా వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. డిప్రెషన్ మందులు మత్తు మందుల్లా వ్యసనం కావు. అలాగని ఉన్నట్టుండి ఆపకూడదు, మెల్లగా తగ్గించాలి. ఇక మందుల దుకాణంలో చీటీ లేకుండా నిద్ర మాత్రలు కొనడం, అల్ప్రాజొలామ్ లాంటివి, వద్దే వద్దు. వ్యసనమయ్యేవి అవే. కౌన్సెలింగ్ ఉంటే వదులుకోకండి. జబ్బు మరీ తీవ్రంగా లేకపోతే కొందరికి మాట్లాడే వైద్యం ఒక్కటే సరిపోతుంది.

మీ వైద్య వివరాలను గోప్యంగా ఉంచాలని ఆ 2017 చట్టమే చెబుతోంది. ఇంట్లో చెప్పండి. కరెస్పాండెంట్‌కు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం, చెప్పి తీరాలని లేదు. ప్రభుత్వ టీచర్లు అర్ధజీతపు సెలవును వైద్య ధ్రువపత్రం మీద పూర్తి జీతం వచ్చే కమ్యూటెడ్ సెలవుగా మార్చుకోవచ్చు. డిప్రెషన్ కూడా జ్వరంలాగే జబ్బు.

పక్క టీచరు కుంగిపోయారనిపిస్తే

"ఎలా ఉన్నారు సార్?" అని అడిగితే "బాగున్నాను" అనే వస్తుంది. "నిద్ర పడుతోందా?" అని అడగండి. ఆ ప్రశ్నకు అబద్ధం చెప్పడం కష్టం. చావు ఆలోచన ఉందేమోనని అనుమానం వస్తే నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. తర్వాత ధైర్యం నూరిపోయకండి. "మీరే ఇలా అయితే పిల్లలకెవరు చెబుతారు?" అనే మాట నాకు తొమ్మిదిమంది చెప్పారు, తొమ్మిదిసార్లూ ఇంకాస్త కుంగాను. తెలుగు పండిట్ ఒకాయన మాత్రం సోమవారం పొద్దున బండి వేసుకుని వచ్చి "పదండి, ఓపీ పదింటికే మూసేస్తారట" అన్నారు.

ప్రధానోపాధ్యాయులు చేయగలిగిందీ ఒకటుంది. అలాంటి టీచరు పని తగ్గించండి, మొత్తం తీసేయకండి. ఒక తరగతైనా వాళ్ల చేతిలో ఉండాలి.

బడి తెరిచాక

తెరవగానే అన్నీ పోతాయనుకుంటాం. తెలంగాణలో 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులు తెరిచి మార్చి చివర్లో మళ్ళీ మూశారు. ఆ రెండోసారి మూతే చాలామందిని పడేసింది. సెప్టెంబరు 1న మళ్ళీ తెరిచారు. మొదటి రోజు రెండో పీరియడుకే నా గొంతు పోయింది, మోకాళ్లు వణికాయి. నా భుజం దాకా ఉండే పిల్లలు నా ఎత్తుకు వచ్చారు. తొలి వారం పాఠం జోలికి పోకుండా హాజరు పట్టీ నెమ్మదిగా చదవండి, వాళ్ల గొంతులు విననివ్వండి. సిలబస్ గురించి ఎవరైనా అడిగితే వచ్చే వారం అనండి.

మాత్రలు మాత్రం బడి తెరిచారని ఆపకండి. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు, ఎప్పుడు ఆపాలో డాక్టరే చెబుతారు. ఆయన రమ్మన్న తేదీ పనిరోజున పడితే ఒక పూట సెలవు చీటీ రాయండి. కారణం అన్నచోట "వైద్య పరీక్ష" అని రాస్తే చాలు.